కొలిచే చేతిని కొలుద్దాం

ప్రభుత్వ బడుల స్టాఫ్ రూముల్లో తరచుగా వినబడే సైకాలజీ మాట ఒకటుంది. ఇన్‌ఫీరియారిటీ కాంప్లెక్స్. ఎస్సీ పిల్ల నోరు తెరిచి ప్రశ్న అడగకపోతే ఆ మాటే. బోర్డు దగ్గరికి రమ్మంటే తల దించుకుంటే ఆ మాటే. వెనక బెంచీ వెతుక్కుంటే ఆ మాటే. వియన్నాలో ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ అనే డాక్టరు వందేళ్ళ కింద చెప్పిన ఆలోచన సముద్రాలు దాటి ఎల్బీ నగర్ దాకా వచ్చి మన పిల్లల నొసటి రాత అయింది.

ఈ మాట అనేవాళ్ళంతా చెడ్డవాళ్ళని నేననను. చాలామంది జాలిపడే అంటారు. "పాపం, వాళ్ళకు ఇంట్ల ఎవరు చెప్తరు మేడం, చిన్నప్పటి సంది కాంప్లెక్స్ ఉంటది" అంటారు. ఆ జాలిలోనే తీర్పు ఉంది. జబ్బు పిల్ల మనసులో ఉంది కాబట్టి మందు కూడా ఆ మనసుకే వెయ్యాలన్న తీర్పు. ఆ పిల్ల కూర్చున్న గది సంగతి, గదిలో కుర్చీ మీద కూర్చున్నవాళ్ళ సంగతి, ఎర్ర పెన్ను పట్టుకున్న చేతి సంగతి ఎవరి లెక్కలోకీ రాదు.

మనసును చదివే శాస్త్రం మన విముక్తికి పనికొస్తుందా? పనికొస్తే ఎవరి మనసును చదవడానికి? నన్ను చాలా ఏళ్ళుగా సతాయిస్తున్న ప్రశ్న ఇది.

నేను నల్లగొండ జిల్లాలో ఒక మాదిగవాడలో పుట్టిన. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మా తాత దొర దగ్గర జీతం ఉన్నడు. జీతం వడ్లల్ల కొలిచేవాళ్ళు. "ఇచ్చెటప్పుడు తెచ్చే మానిక వేరు బిడ్డా, తీసుకునెటప్పుడు తెచ్చే మానిక వేరు" అని మా నానమ్మ చెప్పేది. "మరి ఎవరూ అడగలేదా?" అంటే, "వడ్లు తక్కువైనయని అడిగిన్రు. మానికెను కొలువుమని ఎవలడిగిన్రు?" అనేది. బడి గడప తొక్కని మా నానమ్మ చెప్పిన ఈ మాట విలువ నాకు బీఈడీ పుస్తకాలు చదివినంక తెలిసింది. శాస్త్రం పేరుతో మనల్ని కొలవడానికి వచ్చినవాళ్ళు చాలామంది. ఆ కొలత పాత్రను కొలిచినవాళ్ళు కొద్దిమంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో టెట్ మొదలైంది 2011లో. మాలాంటి వందల మందిమి బీఈడీ సర్టిఫికెట్లు పట్టుకొని దిల్‌సుఖ్‌నగర్ చేరినం. సాగర్ రోడ్డు బస్సులో వచ్చి, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకొని, గల్లీ గల్లీ రూం కోసం తిరిగినం. రూం చూపించే ముందే ఓనరమ్మ అడిగే ప్రశ్న, "మీరేమోళ్ళు?" జవాబు చెప్పినంక రూం అప్పుడే ఎవరో మాట్లాడుకొని పోయినట్టు గుర్తుకొచ్చేది ఆమెకు. చివరికి ముగ్గురం కలిసి రేకుల రూంలో దిగినం.

కోచింగ్ సెంటర్లో మూడొందల మందికి మైకు పెట్టి సైకాలజీ చెప్పేవాళ్ళు. టెట్‌లో శిశు వికాసం, అధ్యాపన శాస్త్రానికి 30 మార్కులు. పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోలర్ చింపాంజీ సుల్తాన్, అందరి పేర్లూ బట్టీ పట్టినం. కుక్కకు చోటుంది, పిల్లికి చోటుంది, ఎలుకకు చోటుంది. ఈ దేశంలో తరగతి గదిలో పిల్లల మనసును అన్నిటికంటే ఎక్కువ శాసించే కులానికి ఆ బిట్ బ్యాంకులో చోటు లేదు.

లేదంటే పూర్తిగా లేదని కాదు. వేరే పేరుతో ఉంది. అనువంశికత అనే పాఠం ఉంది. అందులో గాల్టన్ ఉన్నాడు. గొప్పతనం రక్తంలోనే వస్తుందని 1869లో పుస్తకం రాసినవాడు, మంచి జాతిని పెంచాలి అనే యూజెనిక్స్ అన్న పదాన్ని 1883లో పుట్టించినవాడు. కల్లికాక్ కుటుంబం ఉంది. అమెరికాలో గొడ్డార్డ్ అనే సైకాలజిస్టు 1912లో రాసిన కథ అది. ఒక సిపాయికి కల్లుపాక పనిమనిషితో కలిగిన సంతానమంతా మందబుద్ధులూ నేరస్తులూ అయ్యారట, అదే సిపాయికి పెళ్ళి చేసుకున్న కుటుంబపు స్త్రీతో కలిగిన సంతానమంతా పెద్దమనుషులయ్యారట. ఆ వంశవృక్షమే తప్పని తర్వాతి పరిశోధకులు తవ్వి తీశారు. గొడ్డార్డే తర్వాత తన అభిప్రాయాల్లో కొన్నిటిని మార్చుకున్నాడు. ఈలోగా ఆ ఆలోచనా ధోరణి పేరు మీద అమెరికాలో 60 వేల మందికి పైగా మనుషులకు పిల్లలు పుట్టకుండా బలవంతపు ఆపరేషన్లు జరిగిపోయాయి. ఇవేవీ మాకు చెప్పలేదు. కల్లికాక్ కుటుంబాన్ని అధ్యయనం చేసింది ఎవరు? జవాబు గొడ్డార్డ్. ఒక మార్కు. అంతే.

పుట్టుకను బట్టి బుద్ధి అని మనువు చెబితే మనకు కోపం వస్తుంది. అదే మాట కోటు వేసుకొని, పట్టికలు పట్టుకొని వస్తే బట్టీ పట్టి ఉద్యోగం తెచ్చుకున్నం. ఆ పాఠం చదివి టీచర్లయినవాళ్ళు వేల మంది. వాళ్ళు స్టాఫ్ రూంలో "వాళ్ళ ఇంటి వాతావరణం అంతే, వాళ్ళ జీన్సే అంత" అంటే ఆశ్చర్యమేముంది?

ఒకనాడు ఆ క్లాసులోనే మైకులో చెప్పిన్రు. టెట్ పాస్ కావడానికి ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు 60 మార్కులు. "ఎస్సీలు ఎవరెవరో చేతులెత్తండి. మీకేం, మీరు నిద్రపోయి రాసినా వస్తది." క్లాసంతా నవ్వింది. కొన్ని చేతులు సగం లేచి ఆగిపోయినయ్. నాకు టెట్‌లో ఎన్ని మార్కులొచ్చినయో ఇక్కడ రాయను. రాస్తే ఆ నవ్వుకు నేను సంజాయిషీ ఇచ్చుకున్నట్టు అవుతుంది.

తర్వాత 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్ళు పల్లెలో చేసి బదిలీ మీద ఎల్బీ నగర్ దాటినాక ఒక బస్తీ బడికి వచ్చిన. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్‌కు ఇప్పుడు మెట్రోలో మూడు స్టేషన్ల దూరం. 2018లో ఆ రైలు వచ్చినంక ఎల్బీ నగర్‌లో అద్దెలు పెరిగినయ్, మా బడి పిల్లల తల్లిదండ్రులు ఇంకా ఇంకా అవతలికి జరిగిన్రు. అడ్డా కూలీలు, మున్సిపాలిటీలో రోడ్లు ఊడ్చేవాళ్ళు, అపార్ట్‌మెంట్లల్ల పనిచేసేవాళ్ళు, వాచ్‌మన్లు. పాలమూరు, నల్లగొండ నుంచి వలసొచ్చినవాళ్ళే ఎక్కువ. ఆ పిల్లల గురించి ఆలోచిస్తున్నప్పుడే ఒక పరిశోధన నా కంటబడింది. బిట్ బ్యాంకుల్లో లేని సైకాలజీ ఒకటి ఉందని అప్పుడు తెలిసింది.

కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో చేసిన ప్రయోగం అది. 2006లో ప్రచురించారు. ఆరు, ఏడు తరగతుల మగపిల్లల్ని తీసుకున్నారు. 321 మంది పై కులాలవాళ్ళు, 321 మంది చమార్లు. చమార్లంటే మనలాగే తోలు పని చేసిన కులం. ఆరుగురు చొప్పున కూర్చోబెట్టి కాగితం మీద గీసిన చిక్కుదారులు, అంటే పిల్లల పత్రికల్లో వచ్చే ‘దారి కనుక్కోండి’ బొమ్మల వంటివి, విడదీయమన్నారు. ఎన్ని విడదీస్తే అంత డబ్బు.

కులం మాట ఎత్తకుండా ఆడించినప్పుడు రెండు గుంపుల మధ్య తేడా లేదు. ఇది మొదటి ఫలితం. గాల్టన్ సమాధి మీద చెక్కాల్సిన ఫలితం. తర్వాత ఇంకొన్ని గుంపుల్లో ఆట మొదలుపెట్టే ముందు ఒక్కొక్క పిల్లవాని పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివి, నిజమేనా అని అడిగారు. పిల్లవాడు తల ఊపాలి. అంతే చేసింది. కొట్టలేదు, తిట్టలేదు. చమార్ పిల్లలు విడదీసిన బొమ్మల సంఖ్య పడిపోయింది. రెండు గుంపుల మధ్య పెద్ద తేడా పుట్టింది.

ఇక్కడి దాకా చెబితే మన స్టాఫ్ రూం వెంటనే అంటుంది, "చూసిన్రా, కాంప్లెక్స్." కానీ ప్రయోగం ఇక్కడ ఆగలేదు. ఇంకొన్ని గుంపుల్లో డబ్బు ఎవరికి ఇవ్వాలో చీటీ తీసి నిర్ణయించారు. మనిషి ప్రమేయం లేని చీటీ. అప్పుడు కులం చదివినా తేడా మాయమైంది. పిల్లల్లో ఆత్మవిశ్వాసం లేకపోవడమే కారణమైతే చీటీ తీసినంత మాత్రాన అది ఎక్కడి నుంచి ఊడిపడుతుంది? పరిశోధకులు తేల్చింది ఏమిటంటే, కులం బయటపడ్డాక ఆ పిల్లలు తమ కష్టానికి న్యాయమైన ప్రతిఫలం దక్కదని అంచనా వేసుకుంటున్నారు. వాళ్ళు నమ్మనిది తమ మెదడును కాదు, కొలిచేవాణ్ని.

ఇది జబ్బా? మా తాత మానిక తెలిసినవాళ్ళెవరూ దీన్ని జబ్బు అనరు. ఇది లెక్క. తరతరాలుగా దెబ్బ తిన్న మనిషి వేసే సరైన లెక్క. ఆ పిల్లవాడు పన్నెండేళ్ళకే ఈ దేశ చరిత్రను ఒక్క క్షణంలో సరిగ్గా చదివి పెన్సిల్ కింద పెట్టాడు.

ఈ ప్రయోగం మీద నాకు ఒక ఫిర్యాదు కూడా ఉంది. ఆ 642 మందిలో ఒక్క ఆడపిల్ల లేదు. కులం చదివితే మగపిల్లవాని చెయ్యి తడబడిందని తెలిసింది. మా బడిలో సగం మంది ఆడపిల్లలు. కులం పేరు, ఆడపిల్ల అన్న పేరు రెండూ ఒక్కసారే చదివితే ఏమైతదో చెప్పే లెక్క అందులో లేదు. మన ఇండ్లల్ల ఆడపిల్లలకు తెలుసు. పరిశోధనలోకి వాళ్ళు ఇంకా నడిచి రావాలి.

ఈ సంగతి మా బడిలో చెప్పినప్పుడు ఒక పెద్ద సారు సంతోషపడ్డారు. "నేనెప్పటి నుంచో అదే అంటున్న మేడం. కులం మాట ఎత్తకుంటే సరి. మీరే పోయి అంబేద్కర్ అని, దండోరా అని పిల్లలకు గుర్తు చేస్తరు" అన్నారు. చదువుకున్నవాళ్ళు మనల్ని మూలకు తోసే వాదం ఇదే కాబట్టి దీనికి జవాబు చెప్పాలి.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. అప్పటిదాకా తిట్టుగా వాడిన పేరును వందల మంది తమ పేరు పక్కన తామే రాసుకున్నరు. మా చిన్నాయిన గోడ మీద బొగ్గుతో తన పేరు రాసి పక్కన మాదిగ అని రాసుకున్నడు. ఆయనకు రాయొచ్చిన పదాలు తక్కువ. వాటిల్ల అదొకటి. అప్పటిదాకా ఊరి పెద్దల చావులకు కొట్టిన డప్పు మా నాయిన చేతిలో మా మీటింగుకు మోగింది. కులం పేరు బయటికి రావడమే మనుషుల్ని కుంగదీసేదైతే ఆ రోజు మావాళ్ళంతా కుంగిపోవాలి. తలెత్తిన్రు.

మరి ఉత్తరప్రదేశ్ పిల్లలు తల ఎందుకు దించిన్రు? పేరు ఒకటే. పలికినవాళ్ళు వేరు. అక్కడ పలికింది ఎవరో బయటి నుంచి వచ్చిన పెద్దమనిషి, కాగితం చూసి, పై కులాల పిల్లల ముందు, బహుమతి తన చేతిలో పెట్టుకొని. ఇక్కడ పలికింది మనం, మనవాళ్ళ నడుమ, మన హక్కు అడగడానికి. ఎవరు పలికారు, ఎవరి ముందు పలికారు, పలికినవాని చేతిలో ఏముంది? కులం మాట ఎత్తొచ్చా లేదా అన్నది ఈ మూడు ప్రశ్నలకు జవాబు చూసి చెప్పాలి. మౌనం పాటిస్తే పై కులాలకు సుఖం. పిల్లలకు కులం ఎట్లాగూ తెలుసు, ఓనరమ్మ అడుగుతనే ఉంటది. దాని గురించి మాట్లాడే భాష ఒక్కటే తెలియకుండా పోతుంది.

కాబట్టి మా బడిలో రెండు పనులు పెట్టుకున్నం. స్కాలర్‌షిప్ ఫారాల సీజన్‌లో క్లాసుకొచ్చి "ఎస్సీలు లేవండి, క్యాస్ట్ సర్టిఫికెట్లు తేనోళ్ళు అట్లనే నిలబడండి" అనే పద్ధతి ఉండేది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, సులువని చేసేది. హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడి దాన్ని ఆపించిన. ఇప్పుడు తల్లిదండ్రుల్ని పిలిపించి ఆఫీసు రూంలో ఒక్కొక్కరి దగ్గర ఫారాలు తీసుకుంటున్నం. రెండోది, ఏప్రిల్ నెలలో ఫూలే, అంబేద్కర్ గురించి పిల్లలే మాట్లాడే సభ. అక్కడ కులం మాట దాచేది లేదు. తమ తాతల పనుల గురించి, ఆ పనుల్లో ఉన్న నైపుణ్యం గురించి చెప్పాలనుకున్న పిల్లలు చెబుతరు. చెప్పొద్దనుకున్నవాళ్ళను ఎవరూ లేపరు. దీనితో పిల్లలంతా మారిపోయారని కథ చెప్పను. ఇష్టం లేకుండా లేచి నిలబడే పని ఒకటి వాళ్ళకు తప్పింది.

ఇంకొక పరిశోధన మన టీచర్లకు చేదుగా ఉంటుంది. చేదని దాచిపెట్టుకోలేం. రీమా హన్నా, లీ లిండెన్ అనే ఇద్దరు 2012లో ప్రచురించారు. మన దేశంలోనే ఒక నగరంలో పిల్లలకు పోటీ పరీక్ష పెట్టి, జవాబు పత్రాలను దిద్దడానికి టీచర్లను పెట్టారు. పత్రం మీద రాసిన కులం నిజమైన కులం కాదు. చీటీ వేసినట్టు ఏదో ఒకటి అంటించినది. జవాబులు అవే, కులం పేరే వేరు. కింది కులం పేరు పడ్డ పత్రాలకు మార్కులు కొంచెం తగ్గాయి. తేడా చిన్నదే. కానీ ఎవరు తగ్గించారని చూస్తే, అది ఎక్కువగా కింది కులాల నుంచి వచ్చిన టీచర్ల చేతుల్లోనే కనబడింది.

దళిత టీచర్లం కొందరం కొత్తపేటలో ఒక మిత్రుని ఇంట్లో కలిసినప్పుడు ఈ సంగతి చెప్పిన. గొడవైంది. "మన పిల్లలను మనం తక్కువ చేస్తమా అక్కా? ఇది మనలను బద్నాం చేసే రీసెర్చ్" అని ఒక తమ్ముడు కోప్పడ్డడు. ఇంకొకాయన "పై కులపోళ్ళు దీన్ని పట్టుకొని మన మీదికే వస్తరు" అన్నడు. ఆయన భయం నిజమే. అయినా నేను చెప్పింది ఇది. అంబేద్కర్ ఈ వ్యవస్థను మెట్ల వ్యవస్థ అన్నాడు. పైకి పోతున్నకొద్దీ గౌరవం, కిందికి దిగుతున్నకొద్దీ తిరస్కారం. ఆ మెట్లు ఎక్కి వచ్చినవాళ్ళకు మెట్లు కనబడకుండా పోవు. మన చేతికి ఇచ్చిన మానిక కూడా దొర చేయించిందే. దాన్ని పట్టుకున్న చెయ్యి మనదైనంత మాత్రాన కొలత సరికాదు. మన ఉద్యోగం, మన గతం, మన పోరాటం మనకు గర్వకారణం. మన కొలత సరైనదనడానికి అవి రుజువు కాదు.

దీనికి మందు ఆత్మవిమర్శ ఉపన్యాసం కాదు. చాలా చిన్నది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో దిద్దేవాళ్ళకు పేరు కనబడదు, కోడ్ ఉంటుంది. బడి పరీక్షలకు కూడా అదే పెట్టొచ్చు. మా బడిలో ఇద్దరు టీచర్లం పత్రాల మీద పేర్లు తీసేసి నంబర్లు వేసి, ఒకరి క్లాసు పత్రాలు ఇంకొకరం దిద్దుతున్నం. ఏ జవాబుకు ఎన్ని మార్కులో ముందే బోర్డు మీద రాస్తున్నం. మార్కు తక్కువైందనుకున్న పిల్ల ఆ బోర్డు చూపించి అడగొచ్చు. మొదటిసారి అడిగిన పిల్ల వెనక బెంచీ పిల్ల. ఆ పిల్ల అడిగింది న్యాయమే, అర మార్కు కలిసింది. కౌన్సెలింగ్ ఎవరూ ఇవ్వలేదు. అడగడానికి ఒక ఆధారం దొరికింది, అడిగింది.

చీటీకీ మనిషికీ ఉన్న తేడా పెద్ద చదువుల్లో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్ష మీద సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. ప్రాక్టికల్స్‌లో, మౌఖిక పరీక్షల్లో, అంటే ఎదురుగా మనిషి కూర్చొని కొలిచే చోట, తమకు అన్యాయం జరుగుతోందని ఎస్సీ ఎస్టీ విద్యార్థులు ఆ కమిటీకి చెప్పారు. అదే ఏడాది థోరట్, పాల్ అటెవెల్ ఇద్దరూ ఇంకొక అధ్యయనం ప్రచురించారు. పేపర్లో పడ్డ ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు సమానమైన అర్హతలున్న దరఖాస్తులు పంపారు. పేరు మాత్రమే మార్చారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు సుమారు మూడింట ఒక వంతు. ఆ దరఖాస్తుల్లో మనిషే లేడు. కాంప్లెక్స్ పడటానికి మనసే లేదు. ఉన్నది పేరు ఒక్కటే. అయినా వివక్ష జరిగింది. జబ్బు ఎవరి మనసులో ఉందో ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు?

ఇక్కడ ఒక ప్రమాదం గురించి విద్యార్థి మిత్రులకు చెప్పాలి. మన బాధను రుజువు చెయ్యడానికి సైకాలజీని పిలిస్తే అది ఒక్కోసారి మన బాధనే జబ్బుగా రాసుకొని పోతుంది. అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి దంపతులు చిన్నపిల్లల ముందు నల్ల బొమ్మను, తెల్ల బొమ్మను పెట్టి ఏది మంచిదని అడిగారు. నల్లపిల్లల్లో ఎక్కువ మంది తెల్ల బొమ్మ మంచిదన్నారు. వేరు బడులు పిల్లల మనసులను గాయపరుస్తాయనడానికి ఈ పరిశోధన సాక్ష్యమైంది. 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు వేరు బడులు చెల్లవని తీర్పు చెప్పింది. అది గొప్ప విజయం. కానీ ఆ తీర్పు అమలైన తీరులో నల్లపిల్లలను తెల్లబడులకు పంపారు, నల్లబడులు మూశారు, వేలాది మంది నల్ల టీచర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. గాయపడ్డ పిల్లను చూశారు గానీ, ఆ పిల్లను ప్రేమించి చదువు చెప్పిన టీచరమ్మను చూడలేదు. టీచరుగా ఈ సంగతి నాకు మింగుడుపడదు.

మన దగ్గర ఇంకా దారుణం. 2016 జనవరి 17న రోహిత్ వేముల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణం తీసుకున్నాడు. అంతకు ముందు అతన్నీ ఇంకో నలుగురినీ హాస్టల్ నుంచి వెళ్ళగొడితే క్యాంపస్‌లోనే వెలివాడ కట్టుకొని కూర్చున్నారు. తర్వాత వేసిన రూపన్‌వాల్ కమిషన్ నివేదిక 2017 ఆగస్టులో బయటికొచ్చింది. వ్యక్తిగత నిస్పృహే కారణమని రాసింది. చూడండి, వెలివాడ కళ్ళెదుట ఉంది. పరీక్ష మాత్రం రోహిత్ మనసుకు పెట్టారు. ఈ దేశంలో సైకాలజీ మన వైపు ఎట్లా తిరిగి ఉందో తెలుసుకోవడానికి ఇంతకన్నా పెద్ద పాఠం అక్కర్లేదు.

అందరికంటే కఠినమైన ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. ఈ పరిశోధనలు లేకపోతే మన మాట అబద్ధమవుతుందా?

1995లో క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్‌సన్ ఒక పేరున్న పరిశోధన ప్రచురించారు. తెలివికి పరీక్ష అని చెప్పి రాయిస్తే నల్ల విద్యార్థుల మార్కులు తగ్గాయని, అట్లా చెప్పకుండా రాయిస్తే బాగా రాశారని. అదే 1995లో మన తెలుగులో చిక్కనవుతున్న పాట వచ్చింది. అక్కడ లెక్కలు రాసుకుంటున్నప్పుడు ఇక్కడ మన కవులు అదే గాయాన్ని కవిత్వం చేశారు. తర్వాత అటువంటి ప్రయోగాలను ఎక్కువ మందితో మళ్ళీ చేసి చూసిన కొన్ని చోట్ల ప్రభావం చాలా తక్కువగా కనబడింది, కొన్ని చోట్ల కనబడనే లేదు. శాస్త్రం అంతే, ఇవాళ చెప్పింది రేపు దిద్దుకుంటుంది. దిద్దుకోవాలి కూడా. మరి మన న్యాయాన్ని దాని మీద నిలబెడితే అది దిద్దుకున్న రోజు మనం కూలిపోవాలా?

అంబేద్కర్‌ను బడిలో వేరుగా గోనెపట్ట మీద కూర్చోబెట్టారు. ఆ పిల్లవాడే 1913లో కొలంబియా యూనివర్సిటీకి పోయాడు. మార్కులే కొలమానమైతే గోనెపట్ట ఆయనకు ఏ నష్టమూ చెయ్యలేదని రుజువు చేసే మేధావి రేపు పుట్టొచ్చు. అప్పుడు గోనెపట్ట న్యాయమైపోతుందా? కాదు. మార్కులు తగ్గినా తప్పే, తగ్గకపోయినా తప్పే. పిల్ల ఏడ్చినా తప్పే, నవ్వి ఊరుకున్నా తప్పే. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసేటప్పుడు దానివల్ల మనసుకు ఎంత గాయమైందో కొలిచి చూపించమని అడగలేదు. మనిషిని మనిషిగా చూడటానికి రుజువులు అడిగేవాడు ఎన్ని రుజువులిచ్చినా ఇంకొకటి అడుగుతాడు.

కాబట్టి నా వరకు నేను తేల్చుకున్నది ఇది. సమానత్వం మన హక్కు, దానికి పరిశోధన సాక్ష్యం అవసరం లేదు. ఆ హక్కు ఏ గదిలో, ఏ చేతిలో, ఏ పద్ధతిలో చిక్కుకొని ఆగిపోతుందో కనిపెట్టడానికి పరిశోధన కావాలి. దొంగతనం తప్పు అని చెప్పడానికి పోలీసు కుక్క అక్కర్లేదు, దొంగ ఎటు పోయాడో చూపించడానికి కావాలి. ఈ తేడా పట్టుకుంటే సైకాలజీ మనకు పనిముట్టు అవుతుంది. పట్టుకోకపోతే మనమే దానికి ముడిసరుకు అవుతాం.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఇవాళ కూడా మన పిల్లలు శిశు వికాసం బట్టీ పడుతున్నారు. వాళ్ళకు నాది ఒక విన్నపం. కల్లికాక్ బిట్టుకు జవాబు రాయండి, ఉద్యోగం తెచ్చుకోండి, కానీ నమ్మకండి. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే మీ బడిలో స్కాలర్‌షిప్ పేర్లు ఎట్లా పిలుస్తున్నారో చూడండి. పత్రాల మీద పేర్లు తీసేసి నంబర్లు వెయ్యండి. మార్కుల లెక్క బోర్డు మీద పెట్టండి. యూనివర్సిటీల్లో ఉన్నవాళ్ళు మౌఖిక పరీక్షల్లో ఎవరికి ఎన్ని మార్కులు పడుతున్నాయో కులాల వారీగా, ఆడ మగ వారీగా లెక్క బయట పెట్టమని సమాచార హక్కు కింద అడగండి. సైకాలజీలో ఎంఏలు, పీహెచ్‌డీలు చేస్తున్నవాళ్ళు దళితుల ఆత్మన్యూనత మీద ఇంకొక థీసిస్ రాయకండి, అవి చాలినన్ని ఉన్నాయి. ఇల్లు అద్దెకిచ్చే ఓనరు మనసు మీద రాయండి. వైవా తీసుకునే ప్రొఫెసర్ మనసు మీద రాయండి. "ఎస్సీలు లేవండి" అన్నప్పుడు కూర్చొనే ఉన్న పిల్లల మనసులో ఏం నాటుకుంటుందో రాయండి.

మానికెను కొలువుమని ఎవలడిగిన్రు అని మా నానమ్మ అడిగింది. ఆమెకు చదువు రాదు. మనకు వచ్చు.